గాలి దిగే చోట చాప పరవకూడదు

రండమ్మా, గడప దగ్గరే నిలబడిపోకండి. ఇదిగో చాప పరిచాను, దీని మీదకి జరిగి కూర్చోండి. ఇంకాస్త దగ్గరగా. ఇన్నేళ్ళు హెలికాప్టరు హోరులో పనిచేసింది కదా, గట్టిగా మాట్లాడుతుందిలే అనుకుంటారు. ఆ హోరులో అరిచినా ఒకటే, ఊరుకున్నా ఒకటే. అందుకని నాకు ఊరుకోవడమే అలవాటయింది. ఇప్పుడు రాస్తున్నాను గానీ, చదువుతున్నంతసేపూ నా పక్కన కూర్చున్నట్టే అనుకోండి.

నా పేరు సువార్తమ్మ. మాది పెదపాడు దగ్గర పల్లె. మిషను బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. మా ఆయన కొల్లేట్లో దోనె నడిపేవాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. తాడేపల్లిగూడెం శివార్లలో అప్పట్లో ఒక ప్రైవేటు కంపెనీ హెలికాప్టర్లు దిగే స్థలం ఉండేది. సముద్రంలో నూనె బావుల దగ్గరికి మనుషుల్ని తీసుకెళ్ళేవి. ఎన్నికలప్పుడు, వరదలప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళేవి. అక్కడ ఊడ్చే పనిలో చేరాను. అక్కడే ముసలిదాన్నయ్యాను.

ఇలాంటి పనిలోకి కొత్తగా ఆడపిల్లలు వస్తున్నారని విన్నాను. జీతం సంగతి, డ్యూటీల సంగతి ఆఫీసులో చెప్తారు. వాళ్ళు చెప్పనిది నేను చెప్తాను.

ఏమీ లేకుండా చెయ్యడం

ఇల్లు ఊడిస్తే ఇల్లు కనబడుతుంది. వాకిలి ఊడిస్తే ముగ్గు వేసుకుంటాం. హెలికాప్టరు దిగే చోట ఊడిస్తే ఏమీ కనబడదు. ఏమీ కనబడకుండా చెయ్యడమే మన పని. ఆకు ఉండకూడదు, కాగితం ఉండకూడదు, చిన్న రాయి ఉండకూడదు, మనిషి ఉండకూడదు. అంతా ఖాళీ చేసి, మనం కూడా అంచుకి వెళ్ళి కంచె పట్టుకుని నిలబడాలి.

అప్పుడు అది వస్తుంది. దిగినవాళ్ళు తల వంచుకుని గబగబా కార్ల వైపు వెళ్ళిపోతారు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. అది లేచి, కొబ్బరిచెట్ల మీదుగా తిరిగి, చుక్కంత అయిపోతుంది. ఆ చప్పుడు పోయాక ఒక నిశ్శబ్దం ఉంటుందమ్మా, దానికి మాత్రం ఎవరూ మనల్ని సిద్ధం చెయ్యరు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటూ ఉంటుంది, చుట్టూ చూస్తే ఒక్క పురుగుండదు. ఊడ్చి ఊడ్చి మనమే అలా చేశాం కదా మరి.

ఉల్లిపొట్టు

గూడెం ఉల్లిపాయల మార్కెట్టు మీకు తెలుసు. పడమటి గాలి వీస్తే అక్కడి పొట్టంతా మా స్థలంలోకే వచ్చేది. ఎర్రగా, పలచగా, ఎంత ఊడ్చినా మళ్ళీ వచ్చేది. చేరిన కొత్తల్లో ఒకరోజు విసుగొచ్చి, "ఈ పొట్టు కాగితం కన్నా తేలిక కదండీ, ఇది హెలికాప్టరునేం చేస్తుందండీ?" అని అడిగాను, మా ఇంజనీరు మూర్తిగారిని.

మూర్తిగారు పెంటపాడు వైపు పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టి, ఇంజనీరయ్యారు. తిట్టే మనిషి కాదు. తిట్టాల్సి వస్తే నవ్వేవారు, అది ఇంకా కష్టంగా ఉండేది.

"పొట్టు ఏమీ చెయ్యదు సువార్తమ్మా. కానీ పొట్టు ఎక్కడికి వెళ్తుందో చూశావా? ఇవాళ ఒక పిడికెడు ఉంచు. కంచె వెనక నిలబడి చూడు," అన్నారు.

ఉంచాను. హెలికాప్టరు దిగింది. పొలాల వైపు ఉన్న పొట్టు నేల మీద జరజరా జారి, వరిచేలల్లోకి పోయింది. షెడ్డు గోడ వైపు ఉన్నది అలా పోలేదు. గోడకి కొట్టుకుంది, గోడ వెంట పైకి లేచింది, రెక్కల మీదికెళ్ళి మళ్ళీ కిందికే వచ్చింది. వచ్చి మళ్ళీ గోడకి కొట్టుకుంది. అదే దారిలో అది తిరుగుతుంటే, రేకుల డబ్బాలో పడ్డ ఈగ గుర్తొచ్చింది.

"చూశావుగా," అన్నారు మూర్తిగారు. "హెలికాప్టరు గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. అంతే దాని బతుకు. మీ ఆయన దోనెలో గెడ వేసి నేలని వెనక్కి తోస్తే దోనె ముందుకి పోయేది కదా, అలాగే. తోసిన గాలి దూరంగా పోతే మంచిది. గోడ ఉంటే పోలేక తిరిగి నెత్తి మీదకే వస్తుంది. అప్పుడు హెలికాప్టరు తను తోసిన గాలిలో తనే కూరుకుపోతుంది. బురదలో నడిచినట్టు, ఎంత తొక్కితే అంత."

ఆ మాట గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఫ్యాను, బస్సు కిటికీ

పైకి లేవాలంటే రెక్కలు ఇంకా జోరుగా తిరుగుతాయని నేననుకునేదాన్ని. అందరూ అలాగే అనుకుంటారు. తిరిగే జోరు దాదాపు ఎప్పుడూ ఒకటేనట. మారేది రెక్క వాలు. ఇంట్లో ఫ్యాను రెక్కల్ని చదునుగా వంచేస్తే ఎంత తిరిగినా గాలి రాదు కదా. కాస్త వాల్చితే వస్తుంది. హెలికాప్టరులో పైలటు చేతి పక్కన ఒక లివరుంటుంది. అది ఎత్తితే రెక్కలన్నీ ఒకేసారి వాలుతాయి, ఎక్కువ గాలిని పట్టి కిందికి నెడతాయి. రెక్క పైన గాలి పలచబడుతుంది, కిందది నెడుతుంది. రెండూ కలిసి ఒకటే పని.

ముందుకి పోవాలంటే తిరిగే ఆ చక్రమంతా కాస్త ముందుకి ఒరుగుతుంది. అప్పుడు తోసిన గాలి కిందికే కాక కాస్త వెనక్కి కూడా పోతుంది, అది ముందుకి పోతుంది.

ఈ వాలు సంగతి నమ్మకం కుదరక ఏలూరు బస్సులో కిటికీలోంచి చెయ్యి చాపి చూశాను. అరచెయ్యి చదునుగా పెడితే గాలి కోసుకుపోయింది. ముందంచు కాస్త పైకెత్తితే చెయ్యి దానంతటదే లేచింది. మరీ నిట్టనిలువుగా ఎత్తితే లేవడం మానేసి వెనక్కి తోసేసింది. మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. కండక్టరు వచ్చి, "ఏవండీ, ఆ చెయ్యి మీకు అక్కర్లేదా?" అన్నాడు.

"కావాలండీ."

"కావాలంటే లోపల పెట్టుకోండి. ఎదురు లారీ వాడికి ఇచ్చేలా ఉన్నారు."

తోక చివర చిన్న ఫ్యాను కూడా అలంకారానికి పెట్టింది కాదు. దోనెలో నిలబడి ఒంటిని గబుక్కున కుడికి తిప్పితే కాళ్ళ కింద దోనె ఎడమకి తిరుగుతుంది. పెద్ద రెక్క ఒకవైపు తిరుగుతుంటే కింద బండి రెండో వైపు తిరగాలని చూస్తుంది. తోక ఫ్యాను దాన్ని ఆపి పట్టుకుంటుంది. తిరిగేటప్పుడు అది కంటికి కనబడదు. తోక వైపుకి మాత్రం, మీ సొంత తమ్ముడు పిలిచినా వెళ్ళకండి.

ఎండాకాలం గాలి పలచబడుతుంది. పలచని మజ్జిగలో కవ్వం ఊరికే తిరిగినట్టు రెక్కలకి పట్టు దొరకదు. అప్పుడు బరువు తగ్గించాలి. బరువంటే ఎక్కువసార్లు మనుషులే.

తివాచీ మీద నలుగురు

ఏలూరులో ఒక కాలేజీ మైదానానికి ఎవరో పెద్దాయన దిగుతున్నారంటే మమ్మల్ని ముందుగా పంపారు. వెళ్ళేసరికి సున్నంతో వేసిన గుండ్రం మధ్యలో తివాచీ పరిచి ఉంది. ఎర్రది, అంచుకి పువ్వులు. స్వాగత కమిటీ పెద్దమనిషి పక్కనే నిలబడి మురిసిపోతున్నారు.

"ఇది తియ్యాలండీ," అన్నారు మూర్తిగారు.

"తియ్యడమేంటండీ? మన ఊరి తివాచీ. మన ఊళ్ళో దిగేవాళ్ళు దీని మీద కాకపోతే దేని మీద దిగుతారండీ?"

"దీని మీదే నడుస్తారండీ. హెలికాప్టరు దిగి, రెక్కలు ఆగాక పరుద్దాం."

"అప్పటికి ఆయన బూట్లకి దుమ్మంటుకోదాండీ?"

"తివాచీ వెళ్ళి రెక్కలకి అంటుకుంటే దులపడానికి ఆయన ఉండరండీ," అని మూర్తిగారు నవ్వారు.

చివరికి తివాచీ చుట్టి దూరంగా పెట్టి, దాని మీద కమిటీవాళ్ళు నలుగురు కూర్చున్నారు. గాలికి పంచెలు రెపరెపలాడుతుంటే రెండు చేతులా పట్టుకుని, పెళ్ళిలో అలిగిన బావల్లాగా కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు మూర్తిగారు, "మర్యాద చెయ్యొద్దని చెప్పడం ఈ ఊళ్ళల్లో అన్నిటికన్నా కష్టం సువార్తమ్మా," అన్నారు. అది ఎంత కష్టమో నాకు కొల్లేట్లో తెలిసింది.

లంకలో చాపలు

ఆ ఏడు తమ్మిలేరు, బుడమేరు ఒకేసారి పొంగి కొల్లేటి మీద పడ్డాయి. లంక ఊళ్ళ చుట్టూ చేపల చెరువులు, గట్లు, రోడ్లు అన్నీ ఒకటే నీరయ్యాయి. మా హెలికాప్టరు మొదటి ట్రిప్పుకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. కెప్టెన్ గారు ఉత్తరాది మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది. "కింద అంతా చాప, చీర. నేను ఎక్కడ దిగాలి?" అన్నారు.

మూర్తిగారు నా వైపు తిరిగారు. "ఆడవాళ్ళు మైకులో చెప్తే వినరు. నువ్వు చెప్తే వింటారు. వెళ్ళు."

అలా మొదటిసారి దాన్లో కూర్చున్నాను. భయపడ్డానా అంటే, చూడ్డానికే సరిపోయింది, భయానికి తీరిక లేకపోయింది. ఊరికి దూరంగా నీళ్ళల్లోంచి తేలిన ఒక సన్నటి గట్టు మీద, తను నేల తాకకుండానే నన్ను దింపి అది మళ్ళీ లేచింది. నేను మోకాలి లోతు నీళ్ళల్లో నడిచి ఊరి మెరక చేరాను.

బడి ముందు ఒక్క ముక్క నేల మిగిలింది. ఒకవైపు బడి గోడ, రెండు వైపులా తాటాకిళ్ళు, నాలుగో వైపు కరెంటు తీగలు. ఆ నేలంతా కొల్లేటి తుంగతో అల్లిన చాపలు పరిచేశారు, కొత్త చాపలు. అంచుల మీద రాళ్ళు పెట్టారు. పరిచినావిడ అక్కడే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆవిడ నాంచారమ్మ. బడి వరండాలో ఆవిడ కోడలు దుర్గ నొప్పులు పడుతోంది.

"చాపలు తీసెయ్యాలండీ," అన్నాను.

"ఎందుకు తియ్యాలి? చూస్తన్నావు గదా బురద. మా కోసం అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు బురదలో దిగాలా?"

"ముందు దిగేది గాలండీ. చాప లేచి రెక్కల్లో పడుతుంది."

"లేవకుండానే గదా రాళ్ళెట్టాం."

"ఆ రాళ్ళూ లేస్తాయండీ."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పోయినసారి దీన్ని దోనెలో ఏలూరు తీసుకెళ్తంటే దారిలోనే బిడ్డ పోయింది. ఈసారన్నా బతికించుకుందామని చూస్తంటే నువ్వొచ్చి చాపల సంగతి మాట్లాడతావా?"

"బిడ్డ కోసమేనండీ మాట్లాడేది."

నాంచారమ్మ వంగి తనే మొదటి చాప చుట్టింది. అది చూసి మిగతా ఆడవాళ్ళు చుట్టారు. హెలికాప్టరుకి కనబడాలని గడకర్రలకి కట్టిన చీరలు విప్పించాను. చాపలన్నీ బడి లోపల పెట్టించి, వాటి మీద జనాన్ని కూర్చోబెట్టాను. అప్పుడు రెండు చేతులూ ఎత్తి పిలిచాను, హెలికాప్టరు దిగింది.

దుర్గని ఎక్కించాం. జ్వరంతో మాటపోయిన ఒక పెద్దాయన్ని, కాలు విరిగిన ఒకావిణ్ణి ఎక్కించాం. నాంచారమ్మ ఎక్కింది. నేనూ ఎక్కాను.

లేచింది. మనిషి నిలువెత్తు లేచి, అక్కడే ఆగిపోయి వణుకుతోంది. నేల దగ్గరున్నంతసేపు గాలి కింద పరుపులాగా పని చేస్తుంది, బండి దాని మీద కూర్చుంటుంది. తీగలు దాటి పైకి పోవాలంటే ఆ పరుపు ఉండదు. కిటికీలోంచి చూస్తే ఇళ్ళ మీది తాటాకు ముక్కలు గోడల వెంట లేచి, రెక్కల మీదికెళ్ళి, మళ్ళీ కిందికే పడుతున్నాయి. గూడెం ఉల్లిపొట్టు కళ్ళ ముందు తిరిగింది.

కిందికి దించారు. కెప్టెన్ గారు వెనక్కి తిరిగి ఒక వేలు చూపించారు. నేను దిగాను. మళ్ళీ లేపారు, మళ్ళీ అంతే. మళ్ళీ ఒక వేలు చూపించారు.

ఉన్నవాళ్ళల్లో దిగి నిలబడగలిగింది నాంచారమ్మ ఒక్కతే. దుర్గ ఆవిడ చీర చెంగు పట్టుకుంది. ఆ హోరులో నాకు మాటలు వినబడలేదు, తర్వాత ఆవిడే చెప్పింది. "నువ్వు దిగితే నేనూ దిగుతానత్తా" అందట. "దిగి ఏం చేస్తావే పిచ్చిమొహమా, నేను తరవాత బస్సుకొస్తాలే" అని ఒక్కొక్క వేలూ విడిపించుకుని దిగిందట.

ఈసారి లేచింది. నెమ్మదిగా, అయిష్టంగా, తీగలు దాటింది. ముక్కు కాస్త వంచి నీళ్ళ మీదికి పోయింది. పోగా పోగా ఉన్నట్టుండి తేలికైపోయి పైకెగిరింది.

తరవాత బస్సు

ఇద్దరం బడి వరండాలో చుట్టిన చాప మీద కూర్చున్నాం. తర్వాత నాంచారమ్మ, "నెత్తి మీద అంత ఫ్యాను తగిలించుకుని ఒక ముసిల్దాన్ని మొయ్యలేదటమ్మా? సిగ్గులేకపోతే సరి," అంది.

నవ్వొచ్చింది. మూర్తిగారు నాకు చెప్పినవన్నీ ఆవిడకి చెప్పాను. తోసిన గాలి గోడలకి కొట్టుకుని తిరిగొచ్చిందనీ, పైగా ఉక్కగా ఉంది, గాలి కదలట్లేదనీ, మైదానమైతే కాస్త దూరం పరిగెత్తి కొత్త గాలిలో పడితే సులువుగా లేచేదనీ చెప్పాను.

"గూడబాతులాగా," అంది ఆవిడ.

ఎదురుగా వరద నీటి మీద సంచి ముక్కుతో ఒక గూడబాతు లేస్తోంది. అంత బరువు పక్షి, కాళ్ళతో నీళ్ళని తపతపా కొడుతూ, రెక్కలు ఊపుతూ పరిగెత్తి పరిగెత్తి, చివరికి ఎప్పుడో నీళ్ళు వదిలింది.

"కుండలో పెట్టి లెగమంటే అదీ లెగదు," అంది. "మా ఊరు కుండైపోయింది, అంతేగా?"

"అంతేనండీ."

"మరి మొదలే చెప్పొచ్చు గదా, తిట్టకపోదును."

హెలికాప్టరు పోయిన వైపే చూస్తూ కూర్చుంది. చేతులు మాత్రం ఊరుకోలేదు, చాప అంచున తేలిన పోచల్ని లోపలికి దూర్చుతూనే ఉన్నాయి.

పొద్దు వాలే వేళకి చప్పుడు వినబడింది. దిగింది. రెక్కలు ఆపలేదు, ఆపే తీరిక వాళ్ళకి లేదు. పక్క సీట్లో ఉన్న కుర్ర పైలటు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. రెండు చేతులూ ఒడిలో మడిచి, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు.

నాంచారమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏంటంటన్నాడు?" అంది. తనకి తెలియక కాదు. నేను కూడా చేతులు మడిచి ఊపి చూపించాను. చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి మళ్ళీ నా చెవి దగ్గరికొచ్చి, "ఆడో మొగో చెప్పడేం మరి?" అంది.

ఆవిణ్ణి ఎక్కించాను. ఇంకో ఇద్దరు రోగుల్ని ఎక్కించాను. నాకు చోటు లేదు. ఉన్నా, తర్వాత ట్రిప్పుకి నేల చూసేవాళ్ళు కావాలి. ఆవిడ చెయ్యి ఊపుతూ ఏదో అంది. పెదాల్ని బట్టి చూస్తే, చాపలు జాగ్రత్త అనే అన్నట్టుంది.

తర్వాత ట్రిప్పు రాలేదు. మబ్బు బాగా కిందికి దిగింది. మిగిలిన ఊరివాళ్ళు దోనెల్లో ఒడ్డుకి పోతున్నారు. ఒకాయన "మీరు రారాండీ?" అని అడిగాడు. మళ్ళీ హెలికాప్టరు వస్తుందండీ అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఊరు ఖాళీ. దిగే చోటు ఖాళీ, శుభ్రంగా ఉంది, ఒక్క పోచ లేదు. పైకి చూస్తే తెల్లటి మబ్బు, చుట్టూ చూస్తే నీళ్ళు. మా ఆయన దోనె గెడ చప్పుడు వినబడుతుందేమో అనిపించింది. అంతమందిని పంపించాను కదా, నేను ఇక్కడున్నానని వాళ్ళల్లో ఒక్కరికైనా ఇప్పుడు గుర్తుండి ఉంటుందా అనిపించింది. ఇది ఫిర్యాదు కాదు. పురిటిమనిషి ఉన్న చోట ఊడ్చే మనిషి ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండకపోతేనే పని సరిగ్గా జరిగినట్టు.

అయినా మీకు నిక్కచ్చిగా ఒకటి చెప్తాను. అది సరైన పద్ధతి కాదు. మీరు ఎక్కడ దిగినా, దిగినట్టు ఒక్కరికైనా చెప్పే దిగండి. రేడియోలో మీ పేరు చెప్పించండి. సిగ్గుపడకండి. దిగిపోయిన బరువు కూడా మనిషే.

చీకటి పడకముందే చేపలవాళ్ళ దోనె ఒకటి అటు వచ్చి నన్ను ఎక్కించుకుంది. చాపలు బడి అటక మీదికి ఎక్కించి మరీ వచ్చాను. మర్నాడు గూడెం చేరేసరికి మా స్థలంలో మూర్తిగారు పంచె ఎగ్గట్టి, నా చీపురు పట్టుకుని ఉల్లిపొట్టు ఊడుస్తున్నారు. నన్ను చూసి ఊడవడం ఆపారు.

"మబ్బు కమ్మింది, ఎవరినీ పంపనివ్వలేదు. రాత్రంతా అడుగుతూనే ఉన్నాను సువార్తమ్మా," అన్నారు. చీపురు నా చేతికిచ్చారు. "మూల సరిగ్గా రాలేదు, చూడు."

ఆయన గుర్తుపెట్టుకున్నారు. ఒక్కరు చాలు. మూర్తిగారు ఇప్పుడు లేరు.

ఈ చాప

నీళ్ళు తీశాక కొన్నాళ్ళకి ఏలూరు బస్సు డ్రైవరు ఒక చాప తెచ్చి మా గేటు దగ్గర దింపాడు. నాంచారమ్మ పంపిందట. ఆడపిల్ల పుట్టిందట, తల్లీ పిల్లా బాగున్నారట. దాంతో పాటు ఒక మాట పంపింది. "అప్పుడు పరిచింది ఎవరూ కూర్చోకుండానే చుట్టించావు. దీని మీద ఎవరినన్నా కూర్చోబెట్టు."

అప్పటినుంచి ఈ చాప నా దగ్గరే ఉంది. ఇప్పుడు నేనుండేది ఏలూరులో రైలు పట్టాల పక్క ఒంటి గదిలో. పొద్దున్నే లేచి నేల ఊడుస్తాను, ఏమీ లేకుండా చేస్తాను, అలవాటు. ఆ తర్వాత ఫ్యాను వేసి, ఆ ఖాళీ మధ్యలో చాప పరుస్తాను. సాయంత్రం చుడతాను. చాలా రోజులు ఎవరూ రాక, పరిచింది పరిచినట్టే చుట్టేశాను.

ఇవాళ మీరు వచ్చి కూర్చున్నారు. ఇంతసేపు విన్నారు. నాంచారమ్మ మాట చెల్లింది.

వెళ్ళిరండమ్మా. మీ ఇంటి కప్పు ఏ గాలికీ లేవకూడదు. మీ ఇంట్లోంచి పైకి వెళ్ళినవాళ్ళు క్షేమంగా కిందికి దిగాలి. మీరెక్కడ ఆగిపోయినా, ఇంకా రాలేదేమిటని అడిగే మనిషి ఒకరు మీకుండాలి. ప్రభువు దయవల్ల, మీ ఇంట పరిచిన చాప సాయంత్రం దాకా ఖాళీగా ఉండకూడదు.